ఓడించడానికి ఎన్ని మాటలో

పదో తరగతి పిల్లలకు ‘ఓడించు’ అనే అర్థానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో చెప్పడం నా ఉద్యోగంలో ఒక భాగం. బీట్ అంటే మామూలు గెలుపు. డిఫీట్ అంటే కాస్త మర్యాదగా, పేపర్లో వేసుకోదగ్గ గెలుపు. థ్రాష్, ట్రౌన్స్ అంటే మనం మట్టి కరిపించడం, మూడు చెరువుల నీళ్ళు తాగించడం అంటామే, అదీ. ఎడ్జ్ అవుట్ అంటే వెంట్రుకవాసిలో గట్టెక్కడం. సర్పాస్ అంటే అవతలివాణ్ణి పల్లెత్తు మాట అనకుండానే మించిపోవడం. పరీక్షలో వీటికి వచ్చేది ఒకటో రెండో మార్కులు. వాటికోసం ఏళ్ళ తరబడి ఇవే మాటలు అదే నల్లబల్ల మీద రాసి, తుడిచి, ఆ సుద్దపొడే మింగుతూ వచ్చాను. రిటైర్మెంటు దగ్గరపడింది. ఇప్పుడు వాటిని చూస్తే దీర్ఘకాలపు చుట్టాల్లాగా అనిపిస్తాయి. పొమ్మనలేను, కూర్చోబెట్టి మాట్లాడే ఓపికా లేదు.

ఏటా ఎవడో ఒక పిల్లవాడు లేచి, “ఇన్నెందుకు సార్, ఒకటి చాలదా?” అని అడుగుతాడు. మన ఊళ్ళకు ఇవీ చాలవురా అని నవ్వేసి ఊరుకుంటాను. నవ్వులో ఉత్సాహం ఉండదు. ఎందుకంటే ఆ మాటలన్నీ బడి గంట కొట్టాక నాతోపాటు ఇంటికి వచ్చేవి.

మాది గురజాల దగ్గర ఊరు. మా వీధిలో ఉమ్మడి గోడకు ఇటు, మా ఇంటి పక్కనే, మా అన్న, అటు మా చిన్నాన్న కొడుకు. వయసులో అన్నకంటే చిన్న, నాకంటే పెద్ద, అందుకని నాకు చిన్నన్న. ఇద్దరూ మిరపా పత్తీ పండిస్తారు గాని ప్రాణం మాత్రం ఎడ్ల మీదే. చెరొక ఒంగోలు జత, బండలాగుడు పోటీలకు పెంచినవి. ఉలవలు ఉడకబెట్టి పెట్టడం, వేడినీళ్ళతో కడగడం, సాయంత్రం ఇసుకలో నడిపించడం. కన్నబిడ్డలకు అంత చాకిరీ చెయ్యలేదని మా వదిన ఎప్పుడూ అంటుంది. అబద్ధం కాదు.

బండలాగుడు చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఇందులో రెండు జతలు ఎదురెదురుగా దిగవు. ఒకే బండ, ఒకే బరి, ఒకే గడువు. ఒక జత తర్వాత ఒక జత వచ్చి ఆ బండను ఎంత దూరం లాగగలిగితే అంత లాగి పోతుంది. టేపుతో కొలిచి అడుగులూ అంగుళాలూ మైకులో చదువుతారు. ఎద్దుకు తన పోటీదారు ఎవరో తెలియదు. దానికి తెలిసింది వెనకున్న బండే. ఎవరిని మించామో, ఎవరిని తలదన్నామో మనుషులకే కావాలి.

అన్నా చిన్నన్నా మాటలు మానేసింది కూడా ఆ టేపు దగ్గరే. ఒక తిరనాళ్ళలో చిన్నన్న జత దూరం కొలిచేటప్పుడు టేపు వదులుగా పట్టారని అన్న అన్నాడు. అనలేదని అన్న అంటాడు. అన్నాడని చిన్నన్న అంటాడు. టేపు పట్టినాయన కాలం చేసి చాలా ఏళ్ళయింది. పంతం మాత్రం బతికే ఉంది. అప్పటినుంచి గోడకు ఇటుది అటు, అటుది ఇటు మోసే పని నాది. నేను ఇద్దరికీ తమ్ముణ్ణి గనక నన్ను ఎవరూ రావద్దనరు. అన్న దగ్గర కూర్చుంటే, “ఏందిరా, ఆడి ఎడ్లు ఎన్నడుగులు లాగినయ్యంట?” అని అడిగేవాడు. అటు పోతే చిన్నన్న, “మీ అన్న ఏమన్నాడేంది?” అని ఆరా తీసేవాడు. వీళ్ళకు సమాధానాలు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టేది.

ఈ గొడవకు మైకు తోడైంది. పోటీలకు వ్యాఖ్యానం చెప్పేవాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. ఇంగ్లీషులో గట్టెక్కక బడి మానేశాడు. గొంతు మాత్రం కంచు. ఇప్పుడు పోటీలన్నీ యూట్యూబులో లైవు వస్తున్నాయి. హైదరాబాదులో, బెంగళూరులో కూర్చుని చూసేవాళ్ళకోసం నాలుగు ఇంగ్లీషు ముక్కలు పడితే బాగుంటుందని వాడికి తోచింది. ఫోన్ చేశాడు.

“మాస్టారూ, ఓడించాడు, గెలిచాడు అని ఎన్నిసార్లని అంటాం. ఇంగ్లీషులో గట్టి మాటలు నాలుగు జెప్పండి.”

చెప్పాను. బరువు తేడాలు కూడా చెప్పాను. రెండు అంగుళాల తేడా అయితే ఎడ్జ్ అవుట్ అనాలి, ట్రౌన్స్ అనకూడదు అన్నాను.

“ఎడ్జ్ అవుట్ చప్పగుంది మాస్టారూ. మైకులో పేలదు,” అన్నాడు.

ఆ తర్వాత వాడికి అన్నీ ట్రౌన్సే. అంగుళం తేడా ట్రౌన్సు, వంద అడుగుల తేడా ట్రౌన్సు. ఒకసారి మొదటి మలుపులోనే కూలబడ్డ జతను గురించి కూడా ఆ ఊపులో అదే మాట అనేశాడు. క్లాసులో పిల్లలు, “సార్, మీ మాట మైకులో వచ్చింది,” అని చంకలు గుద్దుకున్నారు. మా అన్నకు ఇంగ్లీషు రాదుగాని ఆ మాట మాత్రం పట్టుకున్నాడు. చిన్నన్న జత మీద తన జత గెలిచినప్పుడు ఆ మాట మైకులో తన పేరుతో వినబడాలి. చిన్నన్న కోరికా అదే. పోటీల్లో ఒక ఏడు ఈయన ముందుంటే మరో ఏడు ఆయన. ఎవరు గెలిచినా రెండోవాడి ముఖం నేను చూడవలసి వచ్చేది. నిజం చెప్పాలంటే నాకు ఇద్దరి మీదా జాలి కంటే విసుగే ఎక్కువ ఉండేది.

ఒక వేసవిలో అన్న దాపటెద్దు, అంటే కాడికి ఎడమవైపు కట్టేది, బరి చివర మలుపు తిరుగుతూ తుంటి జారింది. పశువుల డాక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. మూడో రోజున అది ప్రాణం విడిచింది. దాన్ని పసుపూ కుంకుమా పెట్టి మిరప చేను గట్టున పూడ్చారు. అన్న రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆ వానాకాలంలోనే చిన్నన్న ఎలపటెద్దుకు, అది కుడివైపుది, గాలికుంటు తగిలింది. బతికింది గాని ఎండకు రొప్పడం మొదలుపెట్టింది. పోటీకి ఇక పనికిరాదని ముప్పాళ్ళలో కూతురి అత్తగారింటికి తోలేశాడు, చిన్నాచితకా అరకకు ఉంటుందని.

గోడకు ఇటు ఒక ఒంటెద్దు, అటు ఒక ఒంటెద్దు.

కొత్తదాన్ని కొని జత చెయ్యవచ్చుగదా అంటారు. ఎత్తు కలవాలి, కొమ్ము కలవాలి, అడుగు కలవాలి. ఎడ్ల జత కుదరడం పెళ్ళి కుదరడం కంటే కష్టం. పైగా ఇద్దరూ అరవై దాటినవాళ్ళు. అన్నకు మోకాళ్ళు, చిన్నన్నకు షుగరు. వదిన తేల్చి చెప్పేసింది. “ఉలవలు ఉడకేసే ఓపిక నాకు లేదు. దాన్ని సూత్తా కూసునే ఓపిక నీకూ లేదు. అమ్మెయ్.” మాచర్ల నుంచి ఎడ్ల బేరగాడు వచ్చాడు. చుట్టూ తిరిగి, వీపు తట్టి, పళ్ళు చూశాడు.

“ఎద్దు బంగారం పెదనాన్నా. కానీ ఒంటిది. ఒంటెద్దును పోటీలోళ్ళు కొనరు. సంతకే పోవాల.”

సంతకు పోవడమంటే ఏమిటో మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ ఎద్దు మళ్ళీ కొట్టాన్ని చూడదు. అన్న లోపలికి వెళ్ళి మంచంమీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు అదే బేరగాడు గోడ అవతల అదే మాట చెప్పిపోయాడని విన్నాను.

దారి ఉంది. పోటీల్లో కంబైండ్ జత అని ఉంటుంది. ఒకరి ఎద్దూ ఇంకొకరి ఎద్దూ కలిపి కాడి కడతారు, మైకులో రెండు పేర్లూ చదువుతారు. అన్నకు మిగిలింది కుడివైపుది, చిన్నన్నకు మిగిలింది ఎడమవైపుది. రెండూ తెల్లటి తెలుపు, ఎత్తులో అంగుళం తేడా లేదు. జతగా ఆడితే జతగా కొనేవాడు దొరుకుతాడు, రెండిటికీ సంత తప్పుతుంది. ఊరంతటికీ కనబడుతున్నది ఆ ఇద్దరికే కనబడలేదు. చివరికి మైకు కుర్రాడే, “మీరన్నా జెప్పండి మాస్టారూ,” అన్నాడు. మళ్ళీ నేనే.

అన్న మొదట మంచంమీద నుంచి లేవలేదు. “ఆడి ఎద్దుతోనా? దాని సంగతి నాకు తెలవదా. ముందుకురుకుద్ది. నాదాన్ని ఈడ్చుకుపోద్ది.”

“ఈడ్చుకుపోతే బరిలోకే గదా. సంతకైతే కాదుగా,” అన్నాను. గట్టిగానే అన్నాను. నాకూ ఓపిక అయిపోయింది.

గోడ అవతల చిన్నన్న చాలాసేపు పొగాకు నలిపి, “సరే గానీ, మైకులో ఎవరి పేరు ముందు సదువుతారు?” అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎద్దు కొట్టంలో సంతకు సిద్ధంగా ఉంది, ఈయనకు పేరు ముందో వెనకో కావాలి. ఇటు వచ్చి అన్నకు చెబితే ఆయనా లేచి కూర్చున్నాడు. “అవును, ఎవరిది ముందు?” నాలుగు రోజులు ఆ ఒక్క ప్రశ్నతో గోడకు అటూ ఇటూ తిరిగాను. ఇంటి పేరొకటే, ఊరొకటే. ఇంటిపేరూ ఊరిపేరూ తప్ప మనిషి పేరు చదవవద్దని కుర్రాడిచేత మాట తీసుకున్నాక ఇద్దరూ ఒప్పుకున్నారు.

మిరప కోసేసిన చేనులో సాధన. పొద్దుటిపూట మంచు తడి ఉండగానే కాడి కట్టేవాళ్ళు. ఎడ్లు తోలడానికి కూలికి వచ్చే మనిషిని పోటీల్లో డ్రైవరు అంటారు. మాకు కుదిరినవాడు నాదెండ్ల వైపు నుంచి వచ్చాడు, నోరు దురుసు. మొదటి రోజు అన్న కుడివైపు, చిన్నన్న ఎడమవైపు నిలబడ్డారు. ఎవరి ఎద్దును వాళ్ళే అదిలిస్తున్నారు. ఎవరిది ఒక కొమ్ము ముందుంటే వాళ్ళు మీసం కింద నవ్వుతున్నారు. చిన్నన్న ఎద్దు నిజంగానే ముందుకు ఉరికింది. అన్నది వెనకబడింది. కాడి వంకరైంది, బండ పక్కకు తిరిగి మట్టిలో కూరుకుంది. మళ్ళీ సరిచేస్తే మళ్ళీ అంతే. పొద్దెక్కేసరికి బండ పట్టుమని పది గజాలు సూటిగా పోలేదు.

డ్రైవరు కోల కిందపడేశాడు. “ఇద్దరు పెద్దమనుషులూ పోయి గట్టు మీద కూసోండి. ఎడ్లకు లేని పోటీ మీకెందుకు? ఈడ ఒకటి గెలిస్తే రెండూ పోతయ్.”

వెళ్ళి కూర్చున్నారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. ఆదివారమూ లేదు, పండగా లేదు, తెల్లవారగానే ఆ గట్టుమీద హాజరు వేయించుకోవడం నాకు రెండో ఉద్యోగమైపోయింది. ఇద్దరూ నాతోనే మాట్లాడేవాళ్ళు, మూడడుగుల దూరంలో ఉన్న రెండోవాడికి వినబడేలా. “దాని ముక్కుతాడు బిగుసుకుందని జెప్పరా.” “నాకు కనపడతంది అని జెప్పరా.” నేను ఏదీ చెప్పేవాణ్ణి కాదు. చెప్పనవసరం లేదుగదా.

ఒకరోజు బండ మళ్ళీ వంకరగా తిరిగింది. కాడికీ బండకూ మధ్య కట్టే తాడు కాడికి సరిగ్గా నడుమ ఉంటే రెండు ఎడ్ల మీదా సమంగా బరువు పడుతుంది. ఒకవైపు జరిపితే ఆ వైపుదాని మీద ఎక్కువ పడుతుంది. చిన్నన్న చాలాసేపు చూసి, నా వైపు తిరగకుండా అన్నాడు. “ఆ తాడు నా ఎద్దు దిక్కు ఏలెడు జరపమను. బరువు అదే మోత్తది.”

అందులో రెండు మాటలున్నాయి. నా ఎద్దు ఎక్కువ మోస్తుందనేది ఒకటి. నీది మోయలేదనేది రెండోది. అన్నకు రెండోదే ముందు వినబడింది. తువాలు భుజాన వేసుకుని గట్టు దిగి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు తాడు ఎవరూ జరపలేదు. చిన్నన్న, “నేనేం తప్పన్నాను?” అని నన్ను అడిగాడు. ఇక అయిపోయింది, ఇద్దరూ ఎవరి ఎద్దును వాళ్ళు సంతకు తోలుకుంటారు, నాకైనా కాస్త విశ్రాంతి దొరుకుతుందని కూడా అనుకున్నాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి అన్న అప్పటికే చేలో ఉన్నాడు. మోకాలు వంగదు, అయినా నేలమీద ఒక కాలు చాపి కూర్చుని కాడికి ఉన్న ముడి విప్పుతున్నాడు. డ్రైవరు సాయం రాబోతే కసిరాడు. తాడును తనే వేలెడు మేర చిన్నన్న ఎద్దువైపు జరిపి, బిగించి, రెండుసార్లు లాగి చూసుకున్నాడు. ఆ తర్వాత తన ఎద్దు మూపురం మీద చెయ్యి వేసి నిమిరాడు. చిన్నన్న వచ్చి ముడిని చూశాడు, అన్నను చూశాడు. గట్టు మీద ఆ రోజు ఇద్దరూ నాకు మధ్యలో చోటు మిగల్చలేదు. నేను పక్కన కూర్చున్నాను.

బండ సూటిగా పోయింది.

మా దగ్గరి తిరనాళ్ళలో ఆ జత మొదటి బహుమతి తేలేదు, మూడోదో నాలుగోదో తెచ్చింది. మైకు కుర్రాడు ఇంటిపేరూ ఊరిపేరూ చదివాడు. ఏదో ఒకటి అరవాలని నోరు తెరిచి, ఎవరు ఎవరిని అనాలో తోచక, “మన ఊరోళ్ళు! మన ఊరోళ్ళు!” అని రెండుసార్లు అని ఊరుకున్నాడు. అన్న ఎంతో కాలంగా ఎదురుచూసిన మాట రాలేదు. రాలేదని అన్న గమనించాడో లేదో నేను అడగలేదు.

కొనేవాడు కృష్ణానది అవతలి నుంచి వచ్చాడు, నల్లగొండ వైపు రైతు. రెండు ఎడ్లనూ విడివిడిగా చూసి, మళ్ళీ కలిపి చూసి, “ఈ జోడు మాకియ్యుండ్రి. ఇడదీస్తే పాపం తగుల్తది,” అన్నాడు. బేరం ముగిసింది. లారీ ఎక్కించేటప్పుడు అన్న ఎద్దు ఒక్కటే ఎక్కనని మొరాయించింది. చిన్నన్నదాన్ని ముందు ఎక్కించాక దాని వెనకే మాట్లాడకుండా ఎక్కింది. లారీ పిడుగురాళ్ళ రోడ్డు మలుపు తిరిగేదాకా ఇద్దరూ దుమ్ములో నిలబడ్డారు. కొట్టాలు కడిగేసి ఉన్నాయి. మేత వేసే గాటిపాట్ల దగ్గర ఉలవల వాసన ఇంకా పోలేదు.

మొన్నామధ్య ఒక మధ్యాహ్నం కుర్రాడు ఫోన్ చేసి, అవతలి ఒడ్డున పోటీకి తనే వ్యాఖ్యానమనీ, మన ఎడ్లు దిగుతున్నాయనీ, చూడమనీ చెప్పాడు. మా వసారాలో ఫోను నీళ్ళ చెంబుకు ఆనించి పెట్టాను. అన్న వచ్చాడు. గోడ చుట్టూ తిరిగి చిన్నన్న వచ్చాడు. చిన్న తెరమీద తెల్లగా రెండు చుక్కలు, వెనక నల్లటి బండ. కొత్త యజమాని పేరు చదివారు. ఎడ్లు మలుపులు తిరుగుతుంటే అన్న, “తాడు జరిపారో లేదో,” అన్నాడు. చిన్నన్న కళ్ళు చిట్లించి చూసి, “జరిపార్లే అన్నా, సూటిగా పోతన్నయ్యిగా,” అన్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన నోట ‘అన్నా’ అనే పిలుపు. అన్న తల తిప్పలేదు.

గడువు అయింది. టేపు పట్టారు. అడుగులూ అంగుళాలూ చదివారు. దిగింది ఆఖరి జతగానే, రెండో జతకంటే వంద అడుగులు పైనే. మొదటి బహుమతి. కుర్రాడి కంచు గొంతు పగిలిపోయింది. “ట్రౌన్స్! ట్రౌన్స్! అందర్నీ ట్రౌన్స్ చేసేసినయ్ మాస్టారూ!” అని లైవులోనే నన్ను పిలిచి మరీ అరిచాడు. నేను జన్మలో చెప్పిన పాఠాలన్నిట్లో అదొక్కటే సరైన చోట పడింది.

చప్పట్లు కొడతారేమో అని చూశాను. ఇద్దరూ ఫోను వంకే చూస్తూ కూర్చున్నారు. దండలు వేస్తున్నారు, ఎవరెవరో ఎడ్ల పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. అన్న అడిగాడు.

“గెలిచినయ్, సరే. ఓడిందెవరంటరా?”

నన్ను అడిగాడనుకుని నేను తెరమీద పేర్లకోసం వెతుకుతున్నాను. చిన్నన్న తువాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“ఇంకెవరన్నా. మనమే.”

అన్న తల ఊపాడు. ఫోను ఆపేశాను. తర్వాత ఇద్దరూ లేచారు గాని, సాయంత్రం మేత వేసే వేళైనా ఎవరికీ ఇంటికి వెళ్ళే పనిలేక, మళ్ళీ కూర్చున్నారు.